ఊలు ఉండను మెడకు ఆనించి చూడండి

డిసెంబరు చివరి వారంలో రాయ్‌పూర్‌లో మధ్యాహ్నం ఉష్ణోగ్రత సుమారు 27 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. తెల్లవారుజామున అది 13 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి. భన్‌పురి ఆ నగరానికి ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్ళే దారిలో ఉన్న పారిశ్రామిక ప్రాంతం. పొద్దున్నే షిఫ్టుకు బండి మీద బయలుదేరే మనిషికి అక్కడ చెవులకూ మెడకూ వెచ్చగా ఏదో ఒకటి కావాలి. పదకొండు గంటలయ్యేసరికి దాన్ని తీసి సంచిలో పెట్టుకోవాలి. కశ్మీరు చలికి అల్లే మందపాటి స్వెట్టర్ ఇక్కడ మోత బరువు. కోస్తా ఆంధ్రలో బల్లల మీదా కుర్చీల మీదా పరిచే లేసు అల్లిక ఈ చలిని ఆపదు. ఉద్యోగాల కోసం వచ్చి రాయ్‌పూర్, భిలాయ్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊళ్ళో క్రోషే కొక్కెం పట్టడం నేర్చుకున్న ఒకావిడ ఇక్కడికొచ్చాక ఇంట్లోవాళ్ళకు చిన్న టోపీ అల్లాలనుకున్నారనుకోండి. అల్లిక ఆమెకు కొత్త కాదు. దారమే కొత్త.

అల్లేవాళ్ళను అడిగి చూడండి. అల్లడం ఎంత ఇష్టమో, దుకాణంలో నిలబడి దారం ఎంచుకోవడమూ అంతే ఇష్టమంటారు. కొందరికి ఇది ఇంకా ఎక్కువ. సగం అల్లిన మఫ్లర్ బీరువాలో ఉండగానే కొత్త ఉండలు ఇంటికొస్తూ ఉంటాయి. దీన్ని రంగుల మోజు అని కొట్టిపారేయడం తేలికే గాని, ఆ నాలుగు నిమిషాల్లో వేళ్ళు చేసే పని గమనిస్తే అది కొలత పని అని తెలుస్తుంది. ఉండను నొక్కి వదిలితే దారం సాగి వెనక్కి వచ్చే గుణం తెలుస్తుంది. రెండు వేళ్ళ మధ్య నలిపితే పోగుల నునుపు, కొస విప్పితే పురి, అరచేతిలో పెట్టుకుంటే చల్లదనం, బరువు తెలుస్తాయి. వీటిలో ప్రతిదానికీ పోగు లోపల ఒక కారణం ఉంది. ఆ కారణం తెలిశాక దుకాణంలో నిలబడటం ఇంకా బావుంటుందని నా నమ్మకం.

మన ఊళ్ళలోని దుకాణాల్లో ‘ఊలు’ అని అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు గొర్రె ఉన్ని కాదు, యాక్రిలిక్. పెద్దవాళ్ళు కొందరు దాన్నే క్యాష్మిలాన్ అంటారు. నిజానికి అది అసాహి అనే జపాన్ కంపెనీ తన యాక్రిలిక్ పోగుకు పెట్టుకున్న పేరు. సర్ఫ్, జెరాక్స్ అన్నట్టుగా సరుకు పేరైపోయింది. ఎక్రిలోనైట్రైల్ అనే రసాయనం నుంచి చేసే ఈ పోగు 1950 నుంచి మార్కెట్లో ఉంది. అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ అప్పట్లో దాన్ని ఆర్లాన్ పేరుతో అమ్మింది. ఉన్నిలా కనిపించాలన్నదే దాని ప్రయత్నమంతా. ఆ పొంగు ఎలా తెప్పిస్తారో చూడండి. ఆవిరి తగిలితే ముడుచుకునే పోగులనూ, ముడుచుకోని పోగులనూ కలిపి దారం వడుకుతారు. తర్వాత ఆవిరి పట్టిస్తే మొదటి రకం కురచబడుతుంది. రెండో రకానికి చోటు చాలక పక్కలకు వంకర తిరిగి ఉబుకుతుంది. దారం బొద్దుగా, మెత్తగా తయారవుతుంది. యాక్రిలిక్ స్వెట్టర్ మీద వేడి ఇస్త్రీపెట్టె పెడితే ఆ పొంగు ఒక్క దెబ్బకు అణగిపోతుంది, మళ్ళీ రాదు.

గొర్రె ఉన్నిలో ఆ వంపులు పుట్టుకతోనే ఉంటాయి. మన వెంట్రుకలాగే అది కెరాటిన్ అనే ప్రొటీన్. పోగు అడ్డుకోతలో రెండు వైపులా రెండు రకాల కణాలు ఉండటంతో అది నిటారుగా పెరగక అలలు అలలుగా వంగుతుంది. ఆ అలల మధ్య గాలి చిక్కుకుంటుంది. మనల్ని వెచ్చగా ఉంచేది అసలు ఆ కదలని గాలే. ఉన్ని దాన్ని పట్టి ఉంచుతుందంతే. పోగు పైన చేప పొలుసుల్లాంటి పొలుసులు ఒకే దిశలో పేర్చినట్టు ఉంటాయి. వేడి నీళ్ళు, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే పోగులు ఒక వైపే జరుగుతాయి, వెనక్కి రాలేవు. ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట అట్టకట్టుకుపోతుంది. బండ మీద బాదే మన ఉతుకుడుకు అసలు ఉన్ని స్వెట్టర్ ఎందుకు బలవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. చన్నీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కితే చాలు.

పత్తి సంగతి వేరు. అది సెల్యులోజ్. కాయ పగిలి ఎండినప్పుడు లోపల బోలుగా ఉన్న గొట్టం లాంటి పోగు చదునై, మెలికలు తిరిగిన రిబ్బనులా మారుతుంది. ఆ మెలికల వల్లే పత్తిని వడకగలుగుతున్నాం. కానీ అది సాగదు. ఉన్ని పోగు తెగేలోపు తన పొడవులో నాలుగో వంతుకు మించి సాగగలదు. పత్తి పోగు పదో వంతు సాగేలోపే తెగుతుంది. పైగా అదే మందం ఉన్న పత్తి పోగు ఉన్నికంటే బరువు, యాక్రిలిక్‌కంటే ఇంకా బరువు. ఘన సెంటీమీటరుకు పత్తి సుమారు 1.5 గ్రాములు, ఉన్ని 1.3, యాక్రిలిక్ 1.17. అందుకే పత్తి నూలుతో అల్లిన పొడవాటి స్వెట్టర్ నాలుగుసార్లు వేసుకునేసరికి మోకాళ్ళ వైపు దిగుతుంది. అల్లేవాళ్ళ మణికట్టుకూ తేడా తెలుస్తుంది. ఉన్ని సూదితో పాటు కొంచెం సాగి సర్దుకుంటుంది, పత్తి మొండికేస్తుంది.

ఇక ఉండలోని నీళ్ళ గురించి. ఇది చాలామంది పట్టించుకోని ముచ్చట. మామూలు గది గాలిలో ఉన్నప్పుడు ఉన్ని తన పొడి బరువులో సుమారు 16 శాతం తేమను పట్టి ఉంచుతుంది. పత్తి సుమారు 8 శాతం, యాక్రిలిక్ ఒకటి రెండు శాతం. అంటే 100 గ్రాముల అసలు ఉన్ని ఉండలో దాదాపు 14 గ్రాములు నీళ్ళే. ముట్టుకుంటే మాత్రం పొడిగా ఉంటుంది. తేమ ఎక్కువైతే ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకున్నా మనకు తడి తెలియదు. మన చర్మంలో తడిని నేరుగా గుర్తించే గ్రాహకాలు లేవు. చల్లదనం, స్పర్శ రెండూ కలిసి వస్తే మెదడు దాన్ని తడిగా లెక్కేసుకుంటుంది. ఉన్ని తేమను పోగు లోపలికి తీసుకోవడమే కాక, తీసుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా వదులుతుంది. దాంతో ఆ లెక్క తప్పుతుంది. యాక్రిలిక్ చెమటను లోపలికి తీసుకోదు, పోగుల మధ్యే ఉంచుతుంది. ఎండెక్కాక కూడా స్వెట్టర్ తీయని పిల్లల వీపు జిగటగా తగలడం అందువల్లే. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ ఉండే రాయ్‌పూర్ లాంటి చోట ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. దుకాణంలో చాలామంది ఉండను వేలి కొసలతో తడిమి ‘మెత్తగా ఉంది’ అంటారు. మెత్తదనం తెలుసుకోవడానికి అది సరైన చోటు కాదు. ఉన్ని గుచ్చుకోవడం చాలాసార్లు అలర్జీ కాదు, యాంత్రికమైన పని. బట్ట ఉపరితలం నుంచి పొడుచుకొచ్చిన పోగు కొస చర్మానికి తగిలినప్పుడు, సన్నటిదైతే వంగిపోతుంది. లావుదైతే వంగకుండా నెడుతుంది, ఆ నెట్టుడు చర్మం కిందనున్న నాడీ కొసలను రేపుతుంది. 1980లలో ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. 30 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ముప్పైకి, మించిన పోగులు కొన్ని ఉన్నా చాలు, బట్ట గరగరలాడుతుంది. మెరీనో గొర్రె ఉన్ని 24 మైక్రాన్ల లోపు ఉంటుంది. వేలి కొసల దగ్గర చర్మం మందం కాబట్టి ఆ గుచ్చుడు అక్కడ తెలియదు. మెడ మీదా మోచేతి లోపలి వైపూ వెంటనే తెలుస్తుంది. ఉండను మెడ పక్కన, చెవి కింద అర నిమిషం ఆనించి ఉంచండి. దుకాణదారు వింతగా చూస్తే చూడనివ్వండి.

ఆ చోటుకు ఇంకో గుణం కూడా ఉంది. రోమాలున్న చర్మంలో నెమ్మదైన నిమురుడుకు స్పందించే ప్రత్యేకమైన నాడీ తంతువులు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో నిమిరినప్పుడు అవి బాగా స్పందిస్తాయనీ, మనుషులు హాయిగా ఉందని చెప్పేదీ అదే వేగం దగ్గరనీ 2009లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం చూపించింది. అరచేతుల్లో ఈ తంతువులు చాలా అరుదు. పసిబిడ్డను నిమిరే వేగం ఇంచుమించు అదే. ఊలు ఉండను చెంపకు రాసుకునే వేగమూ అంతే. దారం ఎంచుకోవడంలోని సంతోషంలో ఒక భాగం ఇక్కడి నుంచే వస్తుందనుకోవడం పెద్ద సాహసమేమీ కాదు.

మన దక్కను గొర్రెల ఉన్ని ఈ పరీక్షలో నెగ్గదు. అది ముతక, అందులో గట్టి వెంట్రుకలు కలిసి ఉంటాయి. కానీ ఆ ఉన్నితో చేసే గొంగళి వానలో గొర్రెల కాపరికి గొడుగు, రాత్రికి పరుపు, దుప్పటి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం అన్న సామెత ఊరికే పుట్టలేదు. సన్న మెరీనోతో గొంగళి నేస్తే రెండు వానలకు చిరిగి ఊరుకుంటుంది. మంచి ఉన్ని, చెడ్డ ఉన్ని అనే మాటకు పెద్దగా అర్థం లేదు. ఎక్కడ వాడతాం అన్నదాని మీదే అంతా ఉంది.

మళ్ళీ ఆ టోపీ దగ్గరికి వద్దాం. రాయ్‌పూర్ చుట్టూ స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు చాలా ఉన్నాయి. టోపీ అల్లేది అలాంటి చోట, నిప్పురవ్వల దగ్గర పనిచేసే మనిషికైతే దారం ఎంపిక ముచ్చట దగ్గర ఆగదు. యాక్రిలిక్ మంటకు త్వరగా అంటుకుంటుంది, కాలుతూ కరుగుతుంది. కరిగిన ముద్ద చర్మానికి అంటుకుంటే గాయం లోతుగా ఉంటుంది. పత్తి సులువుగానే అంటుకుంటుంది గాని కరగదు. ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు. అంటుకున్నా మంట తీసేస్తే చాలావరకు తనంతట తానే ఆరిపోతుంది. దానిలోని నత్రజని, తేమ రెండూ అందుకు కారణాలే. అలాంటి మనిషికి యాక్రిలిక్ వద్దు. అసలు ఉన్ని కొనండి, ఖరీదనిపిస్తే పత్తి. ఏ అల్లికైనా కర్మాగారం ఇచ్చే రక్షణ దుస్తులకు బదులు కాదు. ఇంకో మాట. తిరిగే యంత్రాల దగ్గరికి వెళ్ళేవాళ్ళకు వేలాడే కొసలున్న మఫ్లర్ అల్లవద్దు. కొస చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. తలకు బిగుతుగా కూర్చునే టోపీ, లేదా కొసలు లేకుండా మెడకు గుండ్రంగా తొడుక్కునే పట్టీ అల్లండి. ఈ రెండూ మొదటిసారి అల్లేవాళ్ళకు మఫ్లర్ కంటే త్వరగా పూర్తవుతాయి కూడా.

చీటీ మీద ఏం రాసుందో నమ్మకం లేకపోతే ఇంట్లో తేల్చుకోవచ్చు. రెండంగుళాల ముక్కను పటకారుతో పట్టుకుని, కింద నీళ్ళ పళ్ళెం పెట్టి, కిటికీ తెరిచి, కొసకు నిప్పు అంటించండి. పిల్లలు దూరంగా ఉండాలి, పొగ పీల్చకూడదు. పత్తి కాగితంలా కాలి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగులుస్తుంది. ఉన్ని కాలుతుంటే వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, నల్లటి బొగ్గు వేళ్ళ మధ్య పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి, చల్లారాక రాయిలాంటి నల్లపూస అవుతుంది. వంటింట్లో వేడి గిన్నెలు దింపే మసిగుడ్డను యాక్రిలిక్‌తో ఎందుకు అల్లకూడదో ఆ పూసే చెబుతుంది. మసిగుడ్డకు పత్తి నూలే సరైంది. తడిసినప్పుడు పత్తి పోగు బలం తగ్గదు, పెరుగుతుంది. రోజూ ఉతికినా తట్టుకుంటుంది.

అంతమాత్రాన యాక్రిలిక్‌ను చిన్నచూపు చూడటం సరికాదు. బడికెళ్ళే పిల్లాడి స్వెట్టర్ ఏడాదికోసారి పొట్టిదవుతుంది, వారానికి రెండుసార్లు ఉతకాలి, పురుగు పట్టకూడదు, ధర అందుబాటులో ఉండాలి. వీటన్నిటికీ యాక్రిలిక్ సరిపోతుంది. ఉన్నిలోని కెరాటిన్‌ను జీర్ణం చేసుకోగల చిమ్మెట పురుగు దాని జోలికి రాదు. దాని అసలు బాకీ నీళ్ళలో తేలుతుంది. 2016లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టిన ప్రకారం 6 కిలోల యాక్రిలిక్ బట్టలు యంత్రంలో ఒకసారి ఉతికితే 7 లక్షలకు పైగా సూక్ష్మ పోగులు నీళ్ళలోకి పోవచ్చు. వాళ్ళు పరీక్షించిన మూడు రకాల బట్టల్లో ఇదే ఎక్కువ. తక్కువసార్లు, మెల్లగా ఉతికేలా ఉండే వస్తువుకు వాడుకుంటే ఆ బాకీ తగ్గుతుంది. గిన్నెలు తోమే పీచును యాక్రిలిక్‌తో అల్లడం నాకైతే నచ్చదు. తోమిన ప్రతిసారీ పోగులు నేరుగా మోరీలోకి పోతాయి.

పోగు తర్వాత పురి. ఏ దారమైనా అరగజం విప్పి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి వదలండి. అది కదలకుండా వేలాడితే పురి సమంగా ఉన్నట్టు. తనలో తాను గిర్రున మెలికలు పడితే పురి ఇంకా మిగిలి ఉన్నట్టు. అలాంటి దారంతో అల్లిన చదరం ఎంత లాగినా ఒక పక్కకు వాలుతుంది. వడికేటప్పుడు ఒక దిశలో పురి ఎక్కించిన పోచలను రెండు మూడు కలిపి వ్యతిరేక దిశలో తిప్పితే ఒకదాని తిరుగుబాటును ఇంకొకటి అణచుకుంటుంది. ముప్పేట దారం గుండ్రంగా, నిలకడగా ఉండటానికి కారణం అదే. ఒంటిపేట దారం మెత్తగా, మేఘంలా బావుంటుంది గాని రాపిడికి త్వరగా ఉండలు కడుతుంది. మొదటిసారి అల్లేవాళ్ళు ముప్పేట లేదా నాలుగు పేటల నున్నటి దారం, లేత రంగుది, మధ్యరకం మందంది తీసుకోవాలి. నల్లటి దారంలో కుట్టు కనిపించదు. నూగు ఎక్కువున్న దారంలో తప్పు విప్పడం కుదరదు.

నునుపు పురి వల్ల మాత్రమే రాదు. వడకకముందు పోగులన్నీ ఒకే దిశలో దువ్వి, పొట్టివాటిని ఏరివేస్తే దారం నున్నగా వస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు వడికే స్త్రీలు ఈ పనికి వాలుగ చేప దవడను వాడతారు. ఆ సన్నటి పళ్ళు గింజ చుట్టూ ఉన్న పత్తిని పోగు విరక్కుండా దువ్వుతాయి. ఆ సన్న నూలు వెనక ఉన్న రహస్యంలో సగం అక్కడే ఉంది. ఇప్పుడు పెద్ద మిల్లుల్లో దువ్వెన యంత్రాలు చేసే పనీ అదే.

ఛత్తీస్‌గఢ్‌లో ఉండి కోసా పట్టును తలచుకోకుండా దారం గురించి మాట్లాడటం కష్టం. మనం దసలి పట్టు అంటాం. తెలంగాణలో మహాదేవపూర్ దగ్గరా అదే పురుగును మద్దిచెట్ల మీద పెంచుతారు. దాని సహజమైన తేనె రంగు చూస్తే ఎవరికైనా అల్లాలనిపిస్తుంది. కానీ పట్టు సాగి వెనక్కి రాదు, బరువుగా జారుతుంది. మొదటి టోపీకి కాదు, పదో శాలువాకు దాచుకోవాల్సిన దారం.

సాగే గుణం ఇంత ముఖ్యమా అంటే, ఒక గణిత సమస్య దాని మీద ఆధారపడిన సందర్భం ఉంది. అతిపరావలయ తలం అనే వంపు తలం లెక్కల్లో 19వ శతాబ్దం నుంచీ ఉంది. లెట్యూస్ ఆకు అంచులా, బయటికి వెళ్ళేకొద్దీ చోటు పెరిగిపోయి ముడతలు పడే తలం అది. కాగితంతో చేసిన నమూనాలు చేతిలో చిరిగిపోయేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమిన్యా అనే గణితవేత్త దాన్ని క్రోషేతో అల్లారు. ప్రతి వరుసలో ఒక నిర్ణీత నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోతే చాలు, ఆ తలం చేతిలోకి వస్తుంది. అలాంటిది అల్లాలనుకునేవాళ్ళకు ఆమె ఇచ్చిన మొదటి సలహా దారం గురించే: ఎక్కువ సాగే దారం వద్దు, ఆకారం నిలుపుకునేది తీసుకోండి అని. మెరీనో ఉన్ని మెడకు ఎంత హాయో, ఆ పనికి అంత చేటు.

ఇక క్రోషేకు అసలైన దారం, మన లేసు దారం. పత్తి పోగు రిబ్బనులా చదునుగా ఉంటుందన్నాం కదా, మరి లేసు దారానికి ఆ పట్టులాంటి మెరుపు ఎక్కడిది? 1844లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో బట్టల అద్దకం పనిచేసే జాన్ మెర్సర్ కాస్టిక్ సోడా ద్రావణాన్ని పత్తి గుడ్డలో వడకట్టాడు. గుడ్డ ముడుచుకుని, దళసరిగా, కొంచెం పారదర్శకంగా మారింది. 1850లో దాని మీద పేటెంటు తీసుకున్నాడు గాని, బట్ట కురచబడుతుంటే మిల్లులవాళ్ళకు అదేం లాభం? 1890లో హొరేస్ లోవ్ అనే ఆయన దారాన్ని లాగిపట్టి ఉంచి అదే ద్రావణం పట్టించాడు. అప్పుడు చదునైన రిబ్బను ఉబ్బి దాదాపు గుండ్రటి కడ్డీ అయింది. మెలికలు పోయాయి. వెలుతురు చెదరకుండా తిరిగి వచ్చింది. రంగును గట్టిగా పట్టుకోవడమూ, బలం పెరగడమూ అదనం. దుకాణంలో మెర్సరైజ్డ్ అని రాసి ఉన్న దారం అదే. మామూలు నూలును పక్కన పెట్టి కిటికీ వెలుతురులో చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. లేసు దారాలకు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఒక నిర్ణీత బరువులో ఎంత పొడవు దారం వస్తుందన్న పాత నూలు లెక్క నుంచి వచ్చిన అలవాటు అది. 40 నంబరు దారం 10 నంబరు కంటే చాలా సన్నం. మొదట 10తో మొదలుపెట్టడం కళ్ళకు మంచిది.

మెర్సర్ గుడ్డ వడకట్టిన ఆ 1844లోనే స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ కుటుంబం గోదావరి ప్రాంతంలో లేసు అల్లిక నేర్పడం మొదలుపెట్టిందని చెబుతారు. ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట పోయి కరువొచ్చినప్పుడు ఆడవాళ్ళకు క్రోషే లేసు కూలి దొరికిన దశాబ్దమూ అదే. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆ కొక్కెం తల్లి నుంచి కూతురికి వెళ్ళింది. అక్కడి లేసు విదేశాల బల్లల మీదికి చేరింది. రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

మధ్యలో ఇంకొక కథ ఉంది. 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఆ ఊళ్ళలో ఉండి చూసి, 1982లో నర్సాపురం లేసు అల్లేవాళ్ళ మీద ఒక పుస్తకం ప్రచురించారు. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, నమూనా చెబుతాడు, అల్లాక వచ్చి తీసుకుపోయి ముక్కకింత అని కూలి ఇస్తాడు. ఇంటి పనంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, ఆ స్త్రీలను కార్మికులని ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అనేవారు. చేతికొచ్చేది అప్పటి కనీస వేతనానికి చాలా దూరం. ఆ ఏర్పాటులో అల్లే మనిషికి లేనిది డబ్బొక్కటే కాదు. ఏ దారం, ఏ నంబరు, ఏ రంగు అన్నది ఆమె నిర్ణయించేది కాదు. ఇంతసేపూ మనం మాట్లాడుకున్న ఆ నాలుగు నిమిషాల సంతోషం ఆమె పనిలోంచి ముందే తీసేసి ఉండేది. లేసు పని మీద రాసేవాళ్ళు ఓపిక గురించి, ఒడుపు గురించి బోలెడు రాస్తారు. దారం ఎవరు కొన్నారన్నది అడగరు.

ఈ పని ఇంకా చేతులతోనే ఎందుకు సాగుతోందన్నదానికి సమాధానం అల్లిక నిర్మాణంలోనే ఉంది. స్వెట్టర్ అల్లికలో మెలికలన్నీ వరుసగా సూది మీద ఉంటాయి. ప్రతిదానిలోంచి కొత్త మెలిక లాగడం యంత్రానికి సులువు, 16వ శతాబ్దం చివరికే అలాంటి యంత్రం వచ్చింది. క్రోషేలో సాధారణంగా ఒకే ఒక మెలిక బతికి ఉంటుంది. కొక్కెం అల్లికలో ఎక్కడికైనా, ఏ దిశలోనైనా దూరి దారం తెచ్చుకోవాలి. ప్రయోగశాలల్లో కొన్ని నమూనా యంత్రాలు వచ్చాయి. బజారుకు సరుకు తయారుచేసే యంత్రం మాత్రం లేదు. క్రోషేలా కనిపించే యంత్రపు అల్లికలు వేరే ఉన్నాయి, అవి నిర్మాణంలో వేరు. అసలు క్రోషే అయిన ప్రతి టాపూ, ప్రతి సంచీ ఎవరో ఒకరు కుట్టు కుట్టు అల్లిందే.

దారం కొన్నాక చేయాల్సిన మొదటి పని నమూనా ముక్క. చీటీ మీద సూది లేదా కొక్కెం ఎన్ని మిల్లీమీటర్లో రాసి ఉంటుంది. దానితో పది సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలవాలి. పత్తి ఎంత కుదించుకుంటుందో, ఉన్ని ఎంత విచ్చుకుంటుందో ఆ ముక్కలో తేలిపోతుంది. చీటీ మీదే రంగు మడ్డి నంబరు ఉంటుంది. ఒక వస్తువుకు కావలసిన ఉండలన్నీ అదే నంబరువి ఒకేసారి తీసుకోండి. తర్వాత వెళితే ఆ ఎరుపు దొరకదు, ఇంచుమించు ఎరుపు దొరుకుతుంది. ట్యూబులైటు కింద ఒక్కలా కనిపించిన రెండు రంగులు ఎండలో వేరుగా కనిపించవచ్చు, కాబట్టి ఒకసారి గుమ్మం దాకా తీసుకొచ్చి చూసుకోండి. నమూనా ముక్క అల్లేటప్పుడు గడియారం కూడా చూసుకోండి. ఈసారి బజారులో మూడొందల రూపాయల క్రోషే టాప్ కనబడితే, అలాంటి ముక్కలు అందులో ఎన్ని పడతాయో లెక్కేయవచ్చు.